గొంతు మారిన పెట్టె

డాబాగార్డెన్స్ సందులో, పైకెళ్ళే మెట్ల కింద నా దుకాణం.
ఇద్దరు నిలబడితే మూడోవాడు మెట్టెక్కాలి.

గనగళ్ల దానమ్మ ఆ పెట్టెను
చేపల తట్టలా నెత్తిన పెట్టుకుని వచ్చింది.
దించగానే బల్లంతా ఎండు నెత్తళ్ల వాసన.
"అరగంటకోసారి బిగుసుకుపోతంది బాబూ.
బాణం కదల్దు, బొమ్మ కదల్దు.
మా రెండోవోడు వైరస్సంటన్నాడు.
ఆడికన్నీ వైరస్సులే."

నేను వెంటనే ఏమీ అనను.
నాలుగేళ్ల కింద అక్కయ్యపాలెం మాస్టారి డిస్కును
చూసీ చూడగానే పోయిందన్నాను,
కొత్తది అమ్మాను కూడా.
తీరా తప్పు డెబ్బై రూపాయల కేబుల్‌ది.
ఆయన మళ్ళీ ఈ సందు తొక్కలేదు.
అప్పట్నుంచి నింద వేసే ముందు
ఒక్కో సాక్షినీ విడిగా పిలుస్తాను.

మూత తీశాను. పోర్టు బొగ్గు ధూళి,
దాని కింద ఉప్పుగాలి పెట్టిన తుప్పు.
మెమరీ ముక్కలు పీకి, రబ్బరుతో తుడిచి
మూడు గంటలు పరీక్ష పెట్టాను. తప్పులు సున్నా.
పవర్ సప్లై మార్చాను. మళ్ళీ బిగుసుకుంది.
కేబుల్ మార్చాను.
ఒక అంకె ఆగింది,
తీగలో దారితప్పిన మాటల లెక్క అది.
మాస్టారు గుర్తొచ్చి హమ్మయ్య అనుకున్నాను.
పక్కనున్న అంకె ఆగలేదు.
పొద్దున నూట నాలుగు,
అన్నం తిని వచ్చేసరికి నూట ముప్పై ఒకటి.

అదేమిటో ఆమెకి చెప్పాలి.
"లోపల పళ్ళెం మీద కొంత చోటు పాడవుతుంది.
డిస్కు ఎవరికీ చెప్పదు.
దాచుకున్న మంచి చోటొకటి తీసి
రాసేది అందులో రాసుకుంటూ
ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటుంది.
తెర మీద మాత్రం ఆకుపచ్చ అక్షరాలు: ఆరోగ్యం బాగుంది."

దానమ్మ ఫక్కున నవ్వింది.
"మా సరంగు లాగే.
బోటుకి సిల్లడితే గోనెగుడ్డ కుక్కేసి
ఒడ్డుకొచ్చి వల బరువంటాడు."

చెవి ఆన్చి విన్నాను.
టిక్.
కాస్త ఆగి, టిక్ టిక్.
తల వెళ్ళి, వెతికి, దొరక్క
గూటికొచ్చి మళ్ళీ వెళుతున్న చప్పుడు.
"వానలు మొదలైన కాణ్ణుంచీ ఇదే గొంతు.
నానప్పుడే సెప్పినాను, ఇంజను తడబడతందని.
ఇన్నోడెవడు?"

నా పరీక్షలన్నీ వెళ్ళి
ఆమె చెవి వెనకాల వరసలో నిలబడ్డాయి.

ఇక మరమ్మతు మాటే ఎత్తకూడదు.
ఆయాసపడే మనిషిని సింహాచలం మెట్లెక్కించి
నాడి చూసినట్టుంటుంది.
ముందు ఉన్నది తోడుకోవాలి,
బాగున్న చోట్లు మొదట, మొండి చోట్లు ఆఖర్న.
టేబుల్ ఫ్యాను దాని మొహానికి తిప్పి
షట్టర్ సగం దించాను.
రాత్రి రెండింటికి ఏదో ఓడ కూసింది.
లెక్క తొంభై తొమ్మిది దాటి
అక్కడే చతికిలబడింది.

తెల్లారేసరికి పదకొండు ముక్కలు రాలేదు.
పదకొండూ ఒక్క ఫైల్లోవే:
వేట నిషేధం రెండు నెలల అప్పుల ఖాతా.

ఎలా చెప్పాలో తెలీక టీ తెప్పించాను.
చెప్పాను.
ఆమె సాసర్లో ఒంపుకుని, ఊది, "రాసుకో" అంది.
"తెడ్డు సింహాద్రి, రెండు బుట్టల సావళ్ళు, నాలుగొందలు బాకీ.
పూర్ణా మార్కెట్టు మరియమ్మ, తొమ్మిదొందల యాభై,
అందులో నూరు ఇచ్చినాది.
భీమిలి కొండోడు పదిహేనొందలు.
ఆడు ఇవ్వడు. అయినా రాసుకో."

కొడుతూ పోయాను.
కొత్త డిస్కులో తిరిగేదేమీ లేదు, చప్పుడే చెయ్యదు.
అది ఆమెకి నచ్చలేదు.
"మరి దీనికి జబ్బు సేస్తే ఎలా తెలుస్తాది?"

తెలియదన్నాను.
వారానికోసారి నకలు తీసుకోమన్నాను.

పాతదాన్ని చెత్తబుట్టలో వెయ్యనివ్వలేదు.
అరచేతిలో పెట్టి రెండుసార్లు ఎగరేసింది.
"అరకిలో ఉంటాదేటి?"
ఇంకాస్త ఎక్కువే, అన్నాను.
"అయితే సరుకు కొన్నప్పుడు తూకంలో యేస్తాను"
అని తట్టలో పెట్టుకుని మెట్లు తప్పుకుంటూ వెళ్ళిపోయింది.