అడుగు తోలు

జనవరి ఏడు, సోమవారం.
తెల్లారగట్ల నా బడ్డీ ముందు
రోజూ ఉండే బస్సు వరస లేదు.
ఎవరో దాన్ని దారంలా లాగి
రోడ్డు పొడుగునా పరిచారు.

టికెట్టు నిన్న నాలుగు పెన్నీలు. ఇవాళ ఐదు.
అజిఖ్వెల్వా అన్నారు, ఎక్కం అని.
ఎవరూ అరవలేదు. దగ్గినంత మామూలుగా అని
నడిచారు,
అలెగ్జాండ్రా నుంచి జొహానెస్‌బర్గ్ దాకా
పోను తొమ్మిది మైళ్ళు, రాను తొమ్మిది.

నేను నడవలేదు.
గనిలో ఎడమ మోకాలి మీద రాయి పడ్డప్పటి నుంచీ
కూర్చునే మనిషిని.
కూర్చుని, జనాన్ని కిందనుంచి చదువుతాను.
మడమ బయటివైపు అరిగితే బరువులు మోసే మనిషి,
బొటనవేలి దగ్గర చిల్లు పడితే తొందర మనిషి,
రెండు కాళ్ళూ సమంగా అరిగితే పాస్టరుగారు.

రెండో వారానికి
అందరి జోళ్ళూ ఒకేలా అరిగాయి.

మా జనవరి వానలు
మధ్యాహ్నం దాకా ఊరుకుని
జనం తిరిగొచ్చే వేళకే దిగుతాయి.
పోలీసులు సైకిళ్ళ గాలి తీశారు.
పాసు పుస్తకాలు తడిసి సిరా కారేదాకా
తిప్పి తిప్పి చూశారు.
బస్సులు మాత్రం వేళ తప్పలేదు.
లైట్లు వేసుకుని
ఖాళీ సీట్లను ఊరేగించుకుంటూ పోయేవి.

నాకు పని పెరిగింది. నిజం చెప్పాలి,
అంత పని నా జన్మలో చూళ్ళేదు.
తోలు ధర పెరిగింది, మేకుల ధర పెరిగింది,
రాత్రిళ్ళు దీపానికి నూనె.
అట్ట వేస్తే నాలుగు పెన్నీలు తీసుకునేవాణ్ణి.
ఐదు చేశాను.

దికెలెది వచ్చింది. పార్క్‌టౌన్ దొరల బట్టలుతికే మనిషి.
నెత్తిన మూట, మూటలో తెల్ల దుప్పట్లు,
తానెన్నడూ పరుచుకోనివి.
ఎంత, అంది.
ఐదు, అన్నాను, రంపె మీంచి తలెత్తకుండా.

తిట్టలేదు.
బస్సువాడూ ఐదే అన్నాడని కూడా అనలేదు.
జోళ్ళు అక్కడే వదిలి
మూట సర్దుకుని
ఉత్తి కాళ్ళతో గుట్ట ఎక్కింది.
ఎర్రమట్టిలో ఆమె పాదం దిగి లేచిన చోటల్లా
నీళ్ళూరడం
కూర్చున్న చోటునుంచే కనిపించింది.

ఆ రాత్రి ఆరె నా వేల్లో దిగింది.
మంచిదే అనుకున్నాను.

డిపో గోడ వెనక పారేసిన టైరొకటి
మజిబుకో వాళ్ళ కుర్రాడు దొర్లించుకొచ్చాడు.
ఎలా అని నేనడగలేదు.
బస్సు టైరు. ఎన్నేళ్ళు దొర్లిందో
మా నాలుగేసి పెన్నీల మీద!
తడిపి కోశాను, మొండికేస్తే మళ్ళీ తడిపి కోశాను.
ధర రాసిన అట్టముక్కని తిరగేసి
మోకాలి కింద పెట్టుకున్నాను.

మొదటి జత ఆమెదే. ఆమె మళ్ళీ రాలేదు.
నా వీధికీ ఆమె వీధికీ మధ్య రెండు సందులు.
చంకకర్ర ప్రతి అడుక్కీ బురదలో దిగబడుతుంటే
అవే నా తొమ్మిది మైళ్ళు.

గుమ్మంలో కూతురు, పుసెలెత్సో. ఏడేళ్ళుంటాయేమో.
అమ్మ ఇంకా రాలేదు, నడుస్తోంది, అంది.
జోళ్ళు అందుకుని తిరగేసి
అడుగున గాట్లు వేలితో తడిమి
ముక్కు దగ్గర పెట్టుకుంది.

తాతా, బస్సు వాసనొస్తోంది.
ఎక్కకూడదు కదా?