చెవిన పెట్టు

లాడీనా, ఇలా రా.
తుపాకీ తర్వాత. ముందు ఈ రేకు డబ్బా.

నారింజ రంగు స్పాంజి బిరడాలు గుప్పెడు;
పట్టు వదిలేసిన పాత ఇయర్‌మఫ్‌లు, సన్నకప్పులవి ఒక జత;
బ్యాటరీతో నడిచేవి ఒక జత, కాంటన్ పోటీలో గెలిచింది,
చలికాలం బ్యాటరీ తీసి పెట్టండ్రా అంటే ఒక్కరూ తియ్యరు;
అడుగున, కాగితంలో చుట్టి,
రెండు ఖాళీ తూటా డొల్లలు.

అవి మా నాన్నవి.
పేల్చిన డొల్లలే చల్లారాక చెవుల్లో దోపుకునేవాడు.
ఎంగడీన్ లోయలో మగాళ్ళందరూ అంతే అప్పట్లో.
కొందరికి గొర్రె ఉన్ని. కొందరికి అదీ లేదు.
బిరడాలు కొత్తగా వచ్చిన ఏడు
"చెవిలో పువ్వు పెట్టుకున్నావేంరా" అని
జున్ను చేసే డూరిని ఏడాదంతా ఏడిపించారు.
డూరికి డెబ్బై తొమ్మిదిప్పుడు.
మంచు కరిగి చూరునుంచి మొదటి బొట్టు పడితే
ఊళ్ళో ముందు వినేది అతనే.

మా నాన్న బాల్ట్సర్‌ది కుడిచేతి వాటం.
తుపాకీ మడమకు చెంప ఆనిస్తే
కుడి చెవి తల చాటుకు పోతుంది,
ఎడమది గొట్టం మూతి వైపు తెరుచుకుంటుంది.
ముప్పై వేసవులు ఆ చెవే దెబ్బలన్నీ తింది.
డాక్టరు చెప్పాడు. అమ్మ చెప్పింది.
అన్నీ పెడచెవిన పెట్టాడు.
ఆ పెడచెవి ఎడమదే.

చెవుడు తలుపు వేసినట్టు రాదు, లాడీనా.
సన్నవి ముందు పోతాయి.
ఆవు మెడలో పెద్ద గంట ఆయనకు వినిపించేది,
మేకపిల్ల మెడలో చిరుగంట కాదు.
ఒక సెప్టెంబరులో, పొగమంచులో, పిల్ల ఒకటి తప్పిపోతే
ఇద్దరం వెతుకుతూ పైకెక్కాం.
ఇరవై అడుగుల్లో, రాళ్ళ వెనక
కిణి... కిణి...
ఆయన దాన్ని దాటి నడిచిపోయాడు.
నాకు పదకొండేళ్ళు. "ఇటు నాన్నా" అన్నాను,
రెండోసారి అరిచాను.
వెనక్కొచ్చి పిల్లను చంకనెత్తుకుని
ఇల్లు చేరేదాకా
గంట నాలుకను వేలితో నొక్కిపట్టుకున్నాడు.

ఆ జనవరిలో, కిటికీ దాకా మంచు పేరుకున్న రాత్రి
"కీచురాయిని ఎవరు లోపలికి రానిచ్చారు" అని అమ్మనడిగాడు.
అది చచ్చేదాకా ఆయనతోనే ఉంది.

సరే. ఎంచుకో.
పెట్టె మీద అంకె చూసి మురిసిపోకు,
అది ప్రయోగశాలలో కదలకుండా కూర్చున్న తలది.
నీ తల నవ్వుతుంది, తిరుగుతుంది, జడ వేసుకుంటుంది.
ఇది పెట్టు... ఊహూఁ, కళ్ళద్దాల కాడ దగ్గర సందు.
చప్పుడు నీళ్ళలాంటిది, సందు చాలు.
బ్యాటరీ జత మీద నీ మనసుందని తెలుసు:
మాటను రానిచ్చి పేలుడును గుమ్మంలోనే ఆపుతుంది,
పెళ్ళింటి తలుపు దగ్గర నిలబడ్డ మేనమామలా.
కానీ కప్పు లావు. చెంప ఆనించి చూడు,
జరిగిపోయిందా? అదీ సంగతి.

అయితే బిరడా. చేతులు కడుక్కున్నావా?
వేళ్ళ మధ్య నలుపు, దీపం వత్తి అంత సన్నగా.
రెండో చెయ్యి తలమీదుగా తెచ్చి
చెవిని పైకి, వెనక్కి లాగు. దోపు.
వేలు తియ్యకు. ఇరవై లెక్కపెట్టు.
నా గొంతు పక్కింటికి పోయిందా,
నీ గొంతు నీ తలలోనే తిరుగుతోందా? కుదిరింది.
దాని మీద సన్నకప్పులది.
నీ వంతు అయిపోయినా తియ్యకు,
పక్కవాడి తూటా కూడా నీ చెవికి నీ తూటాయే.

ఏమిటీ? నేను పిలిస్తే ఎలా వినిపిస్తుందనా?
పిలవను. భుజం మీద చెయ్యి వేస్తాను.

ఆఖరి వరస అయ్యాక, అందరూ తుపాకులు దించాక,
రెండూ తీసెయ్. ఒక నిమిషం ఏమీ మాట్లాడకు.
ఎదుటి వాలు మీద మేకలు దిగే వేళ.
ఎన్ని గంటలో విని చెప్పు.
నాకు ఐదు వినిపిస్తాయి.
నువ్వు ఏడంటే
ఏడే.