శాఖ పేరు రాయవలసిన గడి

ఫారంలో శాఖ పేరుకు ఒక్క గడే ఉంటుంది.
వేలెడంత పొడవు.
ఆ గడి నిండిందో లేదో చూడటమే
ఇరవై రెండేళ్లుగా నా నౌకరి,
హన్మకొండలో, పరిపాలనా భవనం కింది అంతస్తులో,
తిరిగీ తిరగని ఫ్యాను కింద.

ఆ రోజు ముగ్గురొచ్చారు ఒకే ఫారం పట్టుకొని.
ఫార్మసీ సుగుణాకర్ సారు. స్టాటిస్టిక్స్ తస్నీమ్ మేడం.
తెలుగు శాఖ నుంచి ఇస్లావత్ శారద, ఇంకా పర్మినెంటు కాలేదు,
కుర్చీ చూపించినా కూర్చోలేదు.
గడిలో మూడు పేర్లు ఇరికించి రాశారు,
కాజీపేటలో ఎక్కినవాళ్లు సీటు చివర సర్దుకున్నట్టు.

"దేని మీద సార్ పరిశోధన?"
"దగ్గు మీద."
"మరి తెలుగు శాఖ ఎందుకు?"
ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
నిజానికి అప్పటికి వాళ్లకూ తెలియదు.

ఫైలు తిరిగింది.
మిషను మా స్టాకు రిజిస్టర్లోనే ఎక్కాలన్నారు ఒక శాఖాధిపతి.
వ్యాసంలో మొదటి పేరు ఎవరిదన్నారు ఇంకొకరు.
మూడో ఆయన సంతకం పెట్టి, కొట్టేసి, మళ్లీ పెట్టారు.
నేను మూడు నోట్‌షీట్లకూ కలిపి ఒకే రంధ్రం పొడిచి
ఒకే ఎర్ర ట్యాగు కట్టాను.
నా చేతిలో ఉన్న సాయం అంతే.
ఏడు నెలలకు రెండు లక్షల నలభై వేలు వచ్చాయి.

బిల్లులు సరిచూడమని నన్నే పంపారు ఎనుమాముల యార్డుకు.
ఫిబ్రవరి. గేటు దాటకముందే కళ్లల్లో నీళ్లు.
లోపల తేజ ఒక గుట్ట, చపాట ఒక గుట్ట,
మధ్య ముక్కుకు కొంగు కట్టుకొని
తొడిమెలు తీస్తున్న ఆడవాళ్లు.
సుగుణాకర్ సారు గొట్టంలో ఒక్కొక్కరే ఊదుతున్నారు,
మిషను అంకె చెబుతోంది.
నెల రోజులుగా ఆ అంకెల్ని తస్నీమ్ మేడం కలుపుతోంది, భాగిస్తోంది,
సగటు మాత్రం నోరు విప్పడం లేదు.

శారద ఖాళీ బస్తా మీద ఊరికే కూర్చుంది.
ఉప్పలమ్మ ఆమెతో అంటోంది:
"ఏ దగ్గు అడుగుతున్నవు బిడ్డా?
మబ్బుల దగ్గు వేరు, లేశి కూసుంటెనే ఆగుతది.
బస్తా దగ్గు వేరు, ఎత్తంగ వస్తది, దించంగ పోతది.
ఐతారం దగ్గని ఇంకోటున్నది,
యార్డు బందున్న నాడే పట్టుకుంటది,
ఎందుకో ఎవ్వలకు ఎరుకలేదు."

తస్నీమ్ మేడం పెన్సిలు ఆగింది.
దగ్గు అని ఒకే నిలువు వరస గీసిన చోట
మూడు వరసలు గీసింది.
ఆ రాత్రి పదకొండుకు ఫోను. నాకెందుకు చేసిందో,
బహుశా అంత రాత్రి బిల్లుల మనిషే మేలుకొని ఉంటాడనుకుందేమో:
"ఓదెలు గారూ, అంకెలు మాట్లాడుతున్నాయి."
ఐతారం దగ్గు వాళ్ల ఊపిరే
అందరికన్నా కురచైపోయిందట.
ఆమె సంతోషంగా చెప్పబోయి మధ్యలో ఊరుకుంది.
నేనూ ఊరుకున్నాను.

మరుసటేడు ఆడిట్ వచ్చింది.
అభ్యంతరం పదిహేడు:
తెలుగు అధ్యాపకురాలికి మిర్చి యార్డులో పనేమిటి?
అరవై టీలు ఎవరు తాగారు?
ముసాయిదా నాలుగుసార్లు చింపి, చివరికి రాశాను:
పేర్లు అడగడానికి వెళ్లారు.
పేర్లు చెప్పినవాళ్లు తాగారు.
జవాబు ఇంకా పెండింగులోనే ఉంది.

గడి పెద్దది చేయండని ప్రెస్సుకు రాశాను.
పాత ఫారాలు ఐదు వేలు మిగిలాయట, అవి అయిపోవాలట.
అందాకా డ్రాయర్లో ఒక స్కేలు ఉంచుకున్నాను,
ఎవరైనా ఇద్దరు కలిసి వస్తే
గడి గీతను మార్జిన్ దాకా లాగడానికి.

చెప్పడం మరిచాను. ఆ రోజు యార్డులో నాకూ దగ్గొచ్చింది.
ఉప్పలమ్మ చెవి పెట్టి విన్నది, డాక్టరు లెక్క.
"ఇది మిరపకాయది కాదు సారూ,
కాయితాల దగ్గు."
శారద అది కూడా రాసుకుంది.