మూడు చీటీలు

మోంగు ఆసుపత్రిలో ఏడో గది ముందు బెంచీ మీద
ఏడో గది కోసం ఎవరూ కూర్చోరు.
పక్కది పళ్ల డాక్టరు గది,
అందుకని అందరం దవడ పట్టుకునే ఉంటాం.
ఇంతమందికి ఒక్కసారే పిప్పిపన్ను ఎలా వచ్చిందో
ఊడ్చే ముసలి సిటుంబెకోకి తెలుసు.
నవ్వడు. అదే పదివేలు.

నర్సు ఇనోంగె రెండు వైపులా రెండు సూదులు పొడిచింది.
బొత్తాం పెట్టుకుంటూ "అయిపోయిందా?" అన్నాను.
"సగం" అంది.
మూడు చీటీలు చించి చేతిలో పెట్టింది.
పేరుండదు వాటి మీద. ఒక అంకె, ఒక తేదీ,
ఇది తెచ్చినవారిని వరసలో నిలబెట్టవద్దని ఒక ముద్ర.

సుఖవ్యాధి అంటారు.
ఏ సుఖం చూసి పెట్టారో ఆ పేరు!

"నాకు అంటించిందెవరో తెలిస్తేనా..." పళ్లు కొరికాను.
"పడవ నడిపేవాడివి,
వెనక్కి చూస్తూ తెడ్డు వేస్తావా?
నీ నుంచి ఎవరికి వెళ్లిందో అది చెప్పు."
మూడు వేళ్లు ముడిచాను. నాలుగోది ముడవలేదు,
అది అబద్ధమో, మరుపో, నాకే తెలీదు.

మా ముబిత గుర్తొచ్చాడు.
వాడి జబ్బు వేరు, గుసగుస మాత్రం ఇదే.
వాడి కప్పు పిడికి అత్త ఎర్రదారం కట్టింది.
వాడు పోయాక ఆ కప్పులో కోళ్లు నీళ్లు తాగాయి,
మనుషులెవరూ తాగలేదు.
నేనూ గుమ్మం దగ్గరే కూర్చునేవాణ్ణి, ఊపిరి బిగబట్టి,
ఊపిరికి అంటేది కాదని తెలిసి కూడా.

మొదటి చీటీ సెనాంగాలో, నలుకుయికి.
ఎండుచేపల బుట్ట దించి, చదివి,
డబ్బులు ముడేసుకునే కొంగులోనే ముడేసుకుంది.
"ఒక్కటి అడుగుతా, తెలిసి వచ్చావా ఆ రోజు?"
"లేదు."
"సరే. బుట్ట ఎత్తు."

రెండో చీటీకి పేరు లేదు.
లిములుంగాలో వాన రాత్రి, నీలం తలగుడ్డ.
పేరు అడగకపోవడం మర్యాద అనుకున్నాను అప్పుడు.
మూడు సాయంత్రాలు సారా కొట్ల వెంట తిరిగితే
సెషెకె వెళ్లిపోయిందన్నారు.
జేబులో చెమటకి సిరా పాకింది.

మూడోది ఇంట్లో.
నమకావుకి అయిదో నెల.
ఎంత దూరం తిరిగినా
అన్నిటికంటే దూరం ఈ గుమ్మమే.
నోరు పెగల్లేదు. చీటీ పిండి డబ్బా మీద పెట్టాను.

ఆమె డబ్బా ఎత్తింది.
అడుగున ఇంకో చీటీ.
అదే ముద్ర. తేదీ మాత్రం తొమ్మిది రోజుల ముందుది.
"కడుపుతో ఉన్నవాళ్లందరికీ రక్తం చూస్తారు" అంది.
"నాకు సూది పడింది. బిడ్డకీ పడినట్టేనన్నారు."
"మరి చెప్పలేదేం?"
"ముందు నోరు విప్పినవాళ్లే దొంగలు గదా ఈ ఊళ్లో.
నీ దొంగతనం నేనెందుకు మొయ్యాలి?"

జవాబు లేదు నా దగ్గర. ఇప్పటికీ లేదు.

ఆ రాత్రి చాప వేరుగా వేసింది.
కప్పు మాత్రం వేరు చెయ్యలేదు.

రెండో చీటీ మీద అంకె ఇంకా కనబడుతోంది.
సెషెకె బస్సు తెల్లారి అయిదింటికి.