రెండో సూది

మొదటి వారంలోనే దవడ దిగింది.
పిడికిలంత వాపు, కంటిగుడ్డును పైకి నెట్టిన వాపు
వేడి గంజిలో ఉప్పుకల్లులా కరిగిపోయింది.
లుసుంగు అద్దం అడిగాడు.
వార్డులో అద్దం లేదు,
స్టీలు ట్రే తిరగేసి పట్టుకున్నాను.
"వీడెవడు?" అన్నాడు.
వాళ్ళమ్మ నవ్వింది.
తెల్లారేసరికి మంచం ఖాళీ.

నా రిజిస్టర్లో పిల్లాడికి ఆరు గళ్ళు,
సూదికొకటి.
వాడిది ఒక్కదాన్లోనే టిక్కు.
మిగతా ఐదూ
ఊడిన పాలపళ్ళ సందుల్లా
నావైపే చూస్తుంటాయి.

ఇచ్చిన ఫోన్ నంబరు చేపలమ్మే పొరుగామెది.
"బాగానే ఉన్నాడు" అంటుంది, ఎప్పుడు చేసినా.
ఈ ఉద్యోగంలో నన్ను వణికించే మాట అదొక్కటే.

ఆదివారం మినీబస్సెక్కాను.
చిలుంబా దాటాక బైకు, బైకు దిగాక ఇసుక.
సరస్సు ఒడ్డున కర్రపందిళ్ళ మీద
ఉసిపా చేపలు ఎండుతున్నాయి,
వేలంత వెండి, వేలకు వేలు.
లుసుంగు కాకుల్ని తోలుతున్నాడు.
చెంప నున్నగా, మామూలుగా ఉంది.
అంత మామూలు చెంపను చూసి
నా గుండె జారింది.

న్యాగొండ్వే పొయ్యి దగ్గర పీట వేసింది.
దారంతా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు.
పుల్లతో బూడిద కెలికి చూపించాను:
"ఆరిపోయిందనుకుంటాం. లోపల చూడు, ఎర్రగా."

ఆమె చూసింది.
"రాత్రి దాన్ని కప్పిపెట్టింది నేనే, చెల్లీ.
నిప్పు సంగతి నాకు చెప్పకు.
బస్సు ఛార్జీ సంగతి చెప్పు.
వాన పడేలోపు ఈ చేపనెవరు తిరగేస్తారో చెప్పు.
మందు ఊరికే ఇస్తామన్నారు, నిజమే.
దారి ఊరికే ఇవ్వలేదుగా."

రిజిస్టర్లో దీనికి గడి లేదు.
నా సంచీలో తిరుగు ఛార్జీ ఉంది,
ఒక్కరికి సరిపడా.

పొద్దుగూకేదాకా చేపలు తిరగేశాం, ఇద్దరం.
పొరుగామె వచ్చి చాప మీద మూడు నోట్లు పెట్టి
నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది.
ఎవరి చేప ఎవరు ఎండబెట్టాలో
వాళ్ళిద్దరూ గోడ అవతల మాట్లాడుకున్నారు,
నాకు సగమే వినబడింది.

సోమవారం. కండక్టరు పిల్లాడికీ టిక్కెట్టు అడిగాడు.
"ఒళ్ళో కూర్చుంటాడు" అన్నాను.
ఏడేళ్ళవాడు. వాడి మడమలు
నా మోకాళ్ళు దాటి, పాదాలు దాటి
కింద బియ్యం బస్తాకు తగులుతున్నాయి.
బస్సంతా చేపల కంపు.

సైక్లోఫాస్ఫమైడ్ స్టాకు వచ్చిందో లేదో
ఫోన్ చేసి కనుక్కోవాలి.
కొండ మలుపు తిరిగేదాకా సిగ్నల్ రాదు.