కొత్త ముఠా

కాజీపేటల దిగిండ్రట తెల్లారక ముందే,
జమ్మికుంట దాకా ట్రాలీ ఆటోల నిలబడి వచ్చిండ్రు
పన్నెండు మంది మొగోళ్లు.
చేతులల్ల సంచులు, మెడల తువ్వాలలు,
ఒకని చంకల ప్రెషర్ కుక్కర్.

నాట్లు ఆడోళ్ల పని.
ముప్పై ఏండ్ల నా నడుము దానికి సాక్ష్యం.
ముఠా పెద్ద కొంరవ్వ అంటే
నాలుగూర్ల మడులకు ఎరుకే.
మొగోడు నాటేస్తే వరి సిగ్గుపడ్తదని
మా అత్త అనేది.

వాళ్లేమో తాడు కట్టి, వరుస పట్టి,
ఎకరానికింతని గుత్త మాట్లాడి
పొద్దుగూకే లోపల మూడెకరాలు పచ్చగ చేసిండ్రు.
వాళ్ల పాట నాకు అర్థం కాలే.
కాని వంగినోళ్లు ఎక్కడ ఊపిరి తీస్తరో
అక్కడనే తీసిండ్రు.

కోపం రాలేదని చెప్ప. వచ్చింది.
గట్టు మీదికెంచి ఒక బురదముద్ద విసిరిన.
ఎవ్వరికీ తాకలే.

ఇంటికాడ ఓదెలు నవ్విండు.
భీవండిల పదహారేండ్లు సాంచాలు నడిపినోడు.
అక్కడ ఎవ్వరూ పేరు పెట్టి పిలువలేదు,
"ఏ మద్రాసీ" అన్నరు.
మద్రాసు ఎటుంటదో ఆయనకు ఇప్పటికీ తెల్వది.
"మేం వోయిన కొత్తల
అక్కడి ఆడోళ్లు గూడ మన్ను విసిరిండ్రే"
అన్నడు, బీడీ ఆర్పి.

రెండో నాడు వాన.
మోటరు కొట్టంల అందరం ఇరుక్కున్నం.
బిర్జు అని ఒకడు, గడ్డం ఇంకా మొలువలే,
"అమ్మా, పానీ" అన్నడు.
చెంబు వంచబోతే
దోసిలి పట్టి కింద కూసున్నడు,
దూరంగ.

ఆ దూరం నాకెరుకే.
దొర వాకిట్ల మా అమ్మ నిలబడ్డ దూరం,
మూరెడు గూడ తేడా లేదు.

ఏ కులమని అడగలే.
చెంబే చేతుల వెట్టిన.
వాడు చాలాసేపు తాగలే, పట్టుకోనే ఉన్నడు.

పటేలు చిట్టీల ఇట్ల రాసుకున్నడు:
బీహారోళ్లు పన్నెండు, ఆడోళ్లు ఏడు.
ఒక్క పేరూ లేదు,
ట్రాక్టరు పేరు తప్ప.

ఇప్పుడు నేను కట్టలు అందిస్తున్న, వాడు నాటుతున్నడు.
నేను నారు అంటె
వాడు బిచ్‌డా అంటడు.
రెండు మాటలకూ బురద ఒక్కతీరుగనే అంటుతది.

మూడో మడిల చూడుండ్రి,
అన్నీ గీత గీసినట్టు వరుసలు,
నడుమ ఒక్కటి వంకర.
అది నాది.
తాడు లేకుంట నాటిన.