పట్టు కింద గీత

గోడ మీద ఇంకొక్క మేకుకే చోటుంది.
నెల్లిమర్ల వ్యాయామ సంఘం హాల్లో
పదకొండు ఫొటోలు, పదకొండూ కూతగాళ్ళవే.
తొడ చరిచినవాళ్ళు, గీత ముట్టి గాల్లోకి లేచినవాళ్ళు.
పన్నెండో మేకుకి
బెవర సూరప్పడి పేరు రాసి కాగితం పెట్టారెవరో.

కమిటీలో ఐదుగురం. టీ చల్లారిపోయింది.
మజ్జి నర్సింగరావు కళ్ళజోడు తుడుచుకుని అడిగాడు:
"ఎన్ని పాయింట్లు తెచ్చాడో సెప్పండి ముందు."

అందరూ నావైపు చూశారు.
జూటు మిల్లులో తూకం గుమస్తాని నేను,
పగలు గోగునార బేళ్ళు, సాయంత్రం కబడ్డీ లెక్క.
ఇరవై రెండేళ్ళ స్కోరు పుస్తకాలు
మా ఇంట్లో బియ్యం డబ్బా మీదున్నాయి.

వాటిలో కూతకి పేరుంది.
ఇజ్జాడ రామ్మూర్తి రెండు, ఇజ్జాడ రామ్మూర్తి మూడు,
ఎంత అందంగా రాశానో వాడి పేరు, సున్నాలు చుట్టి మరీ.
పట్టుకి పేరు లేదు.
పట్టు కింద ఒక అడ్డగీత. అంతే.
ఏడుగురు గుట్టగా పడితే
ఎవడి పేరని రాస్తాం?

కానీ నాకు తెలుసు.
గుట్టలోంచి ఒక్కొక్కడే లేచి మట్టి దులుపుకునేవాడు,
చిట్టచివర లేచేవాడు సూరప్పడు.
నోట్లో ఇసక, మోచేతికి నెత్తురు,
గుప్పిట్లో ఇంకా అవతలివాడి చీలమండ.
ఎడమ మూల వాడిది. పందొమ్మిదేళ్ళు.
కూతకొచ్చినవాడు ఆ మూలకి పోకుండా
ఉత్తినే తిరిగెళ్ళిపోతే, అదీ వాడి పనే.
రానివాడి పాయింటు ఏ గడిలో వెయ్యాలి?

"మరి బొబ్బిలి ఫైనలో?" అన్నాడు నర్సింగరావు.
అదొస్తుందని తెలుసు.

ఒక్క పాయింటు తేడా. ఆఖరి కూత.
పార్వతీపురం కుర్రాడు, పేరు గుర్తులేదు, పొడుగు కాళ్ళవాడు,
కూత సన్నబడిపోతోంది,
కాలు సూరప్పడి చేతుల్లో.
వదిలేశాడు.
కప్పు పార్వతీపురం పోయింది.
ఆ రాత్రి లారీలో ఎవడూ వాడితో మాటాడలేదు.
వెనక డాలాకి ఆనుకుని కూర్చుని
గజపతినగరం దాకా అరచేతులు చూసుకున్నాడు.

కటక్కుమన్న చప్పుడు నేను విన్నాను,
గీత పక్కనే, బల్ల దగ్గర, పెన్సిలు పట్టుకుని.
కుర్రాడి ఎముకా, నా పెన్సిలు ములుకా,
ఇన్నాళ్ళకీ తేల్చుకోలేను.

మొన్న వాడింటికెళ్ళాను.
మిల్లు మూసేశాక నులక మంచాలు అల్లుతున్నాడు.
మూడు వేళ్ళు మడత పడవు,
మిగతా రెండిటితోనే బిగిస్తున్నాడు పేట.
"ఒరే సూరప్పడా, ఆ రోజు కావాలనే వదిలీసావా?"
నులక కొస పళ్ళ మధ్య పెట్టుకుని నవ్వాడు.
"సెయ్యి సెమర్చింది బావూ. నానేటి, దేవుణ్ణా?"
మంచం తిరగేసి ఇంకో వరస మొదలెట్టాడు.
గోడ సంగతి చెబితే,
"నాకు పొటో ఏదీ? గుట్ట కింద తీసినోడెవుడు?
ఉన్నాదంటే నా కాలే అవుపడతాది."

నిజమే. సంఘం పెట్టెలో ఫొటోలన్నీ వెతికాను.
ఒక దాంట్లో, ఆరుగురి కింద నుంచి
ఒక మడమ, బొటనవేలికి పాత గుడ్డ కట్టు.
అది వాడే.

ఇద్దరు సరే అన్నారు. ఇద్దరు కాదన్నారు.
ఆదివారం లోపు చెప్పమన్నారు నన్ను.

రాత్రి పుస్తకాలు దించాను. బియ్యప్పురుగులు రాలాయి.
అడ్డగీతల పక్కన పెన్సిలుతో
సూ. సూ. సూ.
గుర్తున్నంత మేర రాసుకుంటూ పోతున్నాను.

తడిసిన నార ఎక్కువ తూగుతుందని
ముప్పై ఏళ్ళు బేలు బేలుకీ తరుగు తీసి రాసినవాణ్ణి.
ఇప్పుడు నా జ్ఞాపకాలన్నీ తడిసే ఉన్నాయి.
ఎంత తియ్యాలి?

బొబ్బిలి పేజీ వచ్చింది.
ఆఖరి కూత దగ్గర అడ్డగీత కూడా లేదు, ఖాళీ గడి.
గడి మధ్యలో చిన్న చిల్లు,
చెదదో, పెన్సిలుదో.
వేలు పెట్టి తడుముతున్నాను.